పోర్ట్రెయిట్‌కి ఏ లెన్సు కొనాలి? బరంపురం, పర్లాకిమిడి, రాయగడ వైపు తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల్లో స్టూడియో నడిపేవాళ్లు, పెళ్లిళ్లకు తిరిగేవాళ్లు, ఇంట్లో పిల్లల్నీ అమ్మమ్మల్నీ ఫొటో తీసుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలివి. యూట్యూబ్‌లో చెప్పేవి చాలావరకు పెద్ద హాళ్లకూ ఖాళీ పార్కులకూ పనికొస్తాయి. మన ఇళ్లు, మన మండపాలు, మన గాలిలో తేమ వేరు. అందుకే జవాబులూ కొంచెం వేరుగా ఉంటాయి.

మొదటి పోర్ట్రెయిట్ లెన్సు ఏది కొనమంటారు? ఒక్క ముక్కలో చెప్పండి.

క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ ఉన్న కెమెరా) ఉంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లోపలికి అంత ఎక్కువ వెలుతురు). పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ ఉండి ఎక్కువగా ఆరుబయట తీస్తుంటే 85 ఎంఎం ఎఫ్ 1.8. ఫుల్ ఫ్రేమ్ ఉన్నా ఇంట్లో, చిన్న స్టూడియోలో తీసేవాళ్లైతే మళ్లీ 50 ఎంఎమ్మే. డబ్బు కట్టే ముందు మాత్రం టేపు తీసి మీరు తీసే గది పొడవు కొలవండి.

లెన్సుకీ గది పొడవుకీ ఏం సంబంధం?

ఉన్న సంబంధమంతా అదే. మనిషి తల నుంచి పాదాల దాకా పట్టాలంటే, పైనా కిందా కాస్త ఖాళీ కలిపి, ఫ్రేములో రెండు మీటర్ల ఎత్తు కావాలి. కెమెరా నిలువుగా పట్టుకున్నారనుకోండి. లెక్క ఇలా వేయాలి: లెన్సు ఎంఎంని రెండు మీటర్లతో గుణించి సెన్సర్ పొడవుతో భాగించాలి. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ పొడవు 36 ఎంఎం, నికాన్, సోనీ క్రాప్ సెన్సర్లది సుమారు 23.5, కెనాన్ క్రాప్‌ది సుమారు 22.3.

ఫుల్ ఫ్రేమ్ మీద 85 పెడితే మీరు 4.7 మీటర్లు వెనక్కి వెళ్లాలి. అదే లెన్సు క్రాప్ బాడీ మీద పెడితే 7 మీటర్లు దాటుతుంది. క్రాప్ మీద 50 అయితే 4.3 మీటర్లు, 35 అయితే 3 మీటర్లు. నడుము పైదాకా చాలనుకుంటే వీటిలో సగం చాలు. దీనికి వెనక గోడకూ మనిషికీ మధ్య ఒకటిన్నర మీటరు, మీ వీపు వెనక అరమీటరు కలపండి. అంటే క్రాప్ బాడీ మీద 85తో నిలువెత్తు ఫొటోకి 9 మీటర్ల గది కావాలి. పది అడుగుల స్టూడియోకి 85 కొనుక్కుని గుమ్మం దాటి రోడ్డు మీద నిలబడి తీసేవాళ్లు మన దగ్గర తక్కువేం లేరు.

ఒక సౌకర్యం ఉంది. పాత బరంపురం వీధుల్లో గోడకు గోడ ఆనుకుని ఉండే ఇళ్లకు వెడల్పు తక్కువ, లోపలికి పొడవు ఎక్కువ. మనిషిని వీధి గుమ్మం దగ్గర కూర్చోబెట్టి మీరు లోపలి నుంచి తీయండి. పొడవంతా కలిసొస్తుంది, గుమ్మంలోంచి పక్కగా పడే వెలుతురుకి అద్దె కూడా లేదు.

85ని "అసలైన పోర్ట్రెయిట్ లెన్సు" అంటారు కదా. ముఖాన్ని అది అందంగా మారుస్తుందా?

లెన్సు ముఖాన్ని మార్చదు. మీరు నిలబడ్డ దూరం మారుస్తుంది. ముక్కు కొన నుంచి చెవి దాకా ఓ 12 సెంటీమీటర్లు అనుకుందాం. ముక్కుకి అర మీటరు దూరం నుంచి తీస్తే చెవి 62 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. అంటే చెవితో పోలిస్తే ముక్కు దాదాపు పావు వంతు పెద్దదై కనిపిస్తుంది. రెండు మీటర్ల నుంచి తీస్తే ఆ తేడా ఆరు శాతానికి పడిపోతుంది. ఫోన్ సెల్ఫీలో ముక్కు ఉబ్బినట్టుండడానికి కారణం ఇదే. 85 చేసే మేలు ఏమిటంటే, మిమ్మల్ని తనంతట తానే వెనక్కి నెడుతుంది. ఒకటిన్నర నుంచి మూడు మీటర్ల దూరంలో నిలబడితే ఏ లెన్సుతో తీసినా ముఖం ముఖంలాగే వస్తుంది. తర్వాత ఎంత కత్తిరించుకుంటారన్నది మిగతా సంగతి.

ముఖాల కోసమే లెన్సు తయారుచేయడం కొత్తేమీ కాదు. 1840లో జోసెఫ్ పెట్జ్‌వాల్ గీసిన లెన్సు అప్పటి లెన్సులకన్నా ఎన్నో రెట్లు వెలుతురు లోపలికి పంపేది. అంతకు ముందు మనిషి నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సి వచ్చేది.

క్రాప్ మీద 50 పెడితే అది 75 అయిపోతుందా, 80 అయిపోతుందా?

లెన్సు 50గానే ఉంటుంది. సెన్సర్ చిన్నది కాబట్టి చుట్టూ కొంత కోసేస్తుంది. అందువల్ల నికాన్, సోనీ, ఫుజీ క్రాప్‌లో 75తో చూసినంత, కెనాన్ క్రాప్‌లో 80తో చూసినంత మేర కనిపిస్తుంది. ఫుల్ ఫ్రేమ్ వాళ్లు 85తో చేసే పనిని మీరు 50తో చేసుకోవచ్చన్నమాట. ఖర్చూ తక్కువే.

నా దగ్గర 18-55 కిట్ లెన్సే ఉంది. దాంతో వెనక బ్లర్ రాదు కదా?

వస్తుంది. మనిషిని గోడకు ఆనించకపోతే చాలు. లెక్క చూడండి. 55 ఎంఎం దగ్గర ఎఫ్ 5.6లో కిట్ లెన్సు రంధ్రం సుమారు 10 ఎంఎం. 50 ఎఫ్ 1.8 రంధ్రం దాదాపు 28 ఎంఎం. రెండో దానికే బ్లర్ ఎక్కువ రావాలి, ఔనా? కానీ మనిషి మీకు ఒకటిన్నర మీటర్ల దూరంలో ఉండి, కిట్ లెన్సుతో తీసేటప్పుడు వెనక 6 మీటర్ల ఖాళీ ఉండి, 50తో తీసేటప్పుడు గోడ అరమీటరు వెనకే ఉంటే, కిట్ లెన్సు బ్లరే ఎక్కువ. డాబా మీద, వీధిలో పొడుగ్గా, పొలం గట్టున, కాలేజీ మైదానంలో కిట్ లెన్సుని 55కి తిప్పి ముందు ఓ నెల తీసి చూడండి. కొనాలా వద్దా అన్నది అప్పుడు మీకే తెలుస్తుంది.

50 నిజంగా గెలిచేది వెలుతురు దగ్గర. ఎఫ్ 5.6 కన్నా ఎఫ్ 1.8 సుమారు పది రెట్లు వెలుతురు లాగుతుంది. సాయంత్రం ఆరు దాటాక ఇంట్లో తీసేవాళ్లకి కొనాల్సిన కారణం అదే.

ఎఫ్ 1.8 చాలా, 1.4కీ 1.2కీ వెళ్లాలా?

చాలు. ఫుల్ ఫ్రేమ్ మీద 85ని ఎఫ్ 1.8లో పెట్టి రెండు మీటర్ల నుంచి తీస్తే షార్ప్‌గా వచ్చే మందం 6 సెంటీమీటర్లే. ముందు వెనకలు రెండూ కలిపి అంత. అమ్మమ్మ ముక్కుకి నత్తు ఉంటే నత్తు మీద ఫోకస్ పడి కళ్లు మెత్తబడతాయి. ముఖం పక్కకి తిప్పితే రెండు కళ్లూ ఒకేసారి షార్ప్‌గా రావడం అదృష్టం మీద ఆధారపడుతుంది. ఎఫ్ 4కి దిగితే ఆ మందం 13 సెంటీమీటర్లవుతుంది. ఒక్క మనిషికి నేను ఎఫ్ 2.8 వాడతాను. ఇద్దరు పక్కపక్కన ఉంటే ఎఫ్ 4, కుటుంబమంతా రెండు వరుసల్లో ఉంటే ఎఫ్ 5.6 నుంచి ఎఫ్ 8. ఇన్ని ఫొటోలు ఎఫ్ 2.8 పైనే తీసేటప్పుడు ఎఫ్ 1.2కి పెట్టే డబ్బు లైటు మీద పెట్టడం మేలు.

ఫోకస్ ఎప్పుడూ మీకు దగ్గరగా ఉన్న కంటి మీదే. డీఎస్‌ఎల్‌ఆర్ అయితే మధ్య పాయింటుతో ఫోకస్ చేసి కెమెరా తిప్పే అలవాటు ఎఫ్ 1.8లో దెబ్బతీస్తుంది. కంటి మీదున్న పాయింటునే ఎంచుకోండి. మిర్రర్‌లెస్‌లో కంటిని తానే వెతికి పట్టే ఐ ఆటోఫోకస్ ఉంటే ఆ తంటా లేదు.

పెళ్లిళ్లకి ఏవి పట్టుకెళ్లాలి?

ఈ వైపు స్టూడియో అంటే ఒక వారం తెలుగు పెళ్లి, మరో వారం ఒడియా పెళ్లి. రెండింటికీ ఒకే కష్టం: ముఖ్యమైన ఘడియలో ఎదురుగా నిలబడడానికి మనకు చోటుండదు.

జీలకర్ర బెల్లం పెట్టే నిమిషంలో తెర తీస్తారు. పంతులుగారు ఒక పక్క, మేనమామలు ఒక పక్క, వీడియో కుర్రాడి లైటు స్టాండు ఇంకో పక్క. మీకు మిగిలేది ఒకటిన్నర మీటరు. అక్కడ 85 బరువు తప్ప దేనికీ పనికిరాదు. క్రాప్ మీద 35 గానీ, ఫుల్ ఫ్రేమ్ మీద 50 గానీ, లేదా 24-70 ఎఫ్ 2.8 గానీ మెడలో ఉండాలి. ఒడియా పెళ్లిలో వధూవరుల చేతులు కలిపి కట్టే హాతగంఠి వేసేటప్పుడూ అంతే. చేతులు, రెండు ముఖాలు, పెళ్లికూతురి ముకుటం ఒకే ఫ్రేములో పట్టాలి.

85 విలువ తెలిసేది మండపం దిగి దూరంగా నిలబడ్డప్పుడు. పెళ్లికూతురు తల వంచుకుని ఎవరి మాటకో నవ్వుకునేది, వాళ్ల నాన్న స్తంభం పక్కన నిలబడి కళ్లు తుడుచుకునేది, ఇవన్నీ మూడు నాలుగు మీటర్ల దూరం నుంచి వాళ్లకు తెలియకుండా వచ్చేవి. 70-200 ఎఫ్ 2.8 ఈ పని ఇంకా బాగా చేస్తుంది. కానీ చాలా మోడళ్లు కిలోన్నర దగ్గర తూగుతాయి. రాత్రి పన్నెండు దాటిన ముహూర్తానికి ఆ బరువు భుజం మీద వేరేగా ఉంటుంది. సీజను పనే అయితే అద్దెకు తెచ్చుకోండి. రెండు పెళ్లిళ్లకు వాడి చూశాక కొనడమో మానడమో తేల్చుకోవచ్చు.

లైట్ల సంగతి ఒకటి. మన కరెంటు 50 హెర్ట్జ్, అంటే చవక ఎల్‌ఈడీలు సెకనుకి 100 సార్లు మినుకుతాయి. షట్టర్ 1/250 పెడితే ఫొటోలో అడ్డచారలు పడవచ్చు, ఒక ఫొటో పసుపు, మరో ఫొటో చీకటి కావచ్చు. 1/100 దగ్గర ఇది చాలామటుకు పోతుంది. కానీ 85తో కదిలే మనుషుల్ని 1/100లో పట్టడం కష్టం. రెండూ కుదరాలంటే మీ సొంత ఫ్లాష్ వాడాలి. మండపం లైటుని నమ్ముకుని ఖరీదైన లెన్సు కొంటే సమస్య తీరదు.

బరంపురం ఠాకురాణి యాత్రలో వేషాలు తీయడానికి?

రెండేళ్లకోసారి వచ్చే యాత్ర, ఊరంతా వీధిలోనే ఉంటుంది, అసలు సందడి చీకటి పడ్డాకే. పులివేషం వేసినవాడి కళ్లు తీయాలంటే వాడి ముందుకు వెళ్లాలి, జనం వెనక్కి అడుగు వేయనివ్వరు. క్రాప్ మీద 35 ఎఫ్ 1.8 ఒక్కటి చాలు. షట్టర్ 1/250, ఐఎస్ఓ 3200 నుంచి 6400. ఫొటోలో నూకలాంటి చుక్కలు (నాయిస్) వస్తే రానివ్వండి, కదిలిపోయిన ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. జనంలో లెన్సు మార్చే ఆలోచన పెట్టుకోవద్దు.

ఆ రోజుల్లో నేత వీధుల్లో తెలుగు కుటుంబాల చుట్టాలంతా ఇళ్లకు చేరతారు. కుటుంబ పోర్ట్రెయిట్లకు అంతకన్నా మంచి సమయం దొరకదు. పగలు పది గంటల లోపు, అరుగు నీడలో తీసేయండి.

పట్టుచీర, జరీ, నగలు బాగా రావాలంటే లెన్సులో ఏం చూడాలి?

రెండు చూడాలి. మొదటిది ఊదారంగు అంచు. ఎదురు వెలుతురులో జరీ అంచు, వెండి పట్టీ, తెల్ల మల్లెపూలు లాంటి వాటి చుట్టూ కొన్ని లెన్సులు పూర్తిగా తెరిచినప్పుడు ఊదా గీత వేస్తాయి. 1992 నుంచి ఉన్న కెనాన్ ఈఎఫ్ 85 ఎఫ్ 1.8కి ఈ అలవాటుందని అందరికీ తెలుసు. ఎఫ్ 2.8కి దిగితే బాగా తగ్గుతుంది. అందుకని అది కొనకూడని లెన్సేమీ కాదు, ఇప్పటికీ సెకండ్ హ్యాండ్‌లో మంచి బేరమే.

రెండోది దగ్గర ఫోకస్. 85లు చాలావరకు 80 సెంటీమీటర్ల లోపలికి రావు. బరంపురం పట్టు అంచు మీద కుంభం గీతల్నో, మంగళసూత్రాన్నో ఫ్రేమంతా నింపాలంటే కుదరదు. 90 నుంచి 105 లోపు మాక్రో లెన్సు ఒకటి ఉంటే నగలూ అవుతాయి, ముఖాలూ అవుతాయి. చీరల దుకాణాలకు కూడా పనిచేసేవాళ్లైతే 85కి బదులు మాక్రోనే కొనమంటాను.

నేత సన్నగా ఉన్న చీరల మీద కొన్నిసార్లు ఇంద్రధనుస్సు లాంటి అలలు కనిపిస్తాయి. తప్పు చీరదీ కాదు, లెన్సుదీ కాదు. దారాల వరుసా సెన్సర్ గళ్లూ ఒకదానితో ఒకటి కలబడడం వల్ల వస్తుంది. ఓ అడుగు ముందుకో వెనక్కో జరిగి మళ్లీ తీయండి.

నికాన్ డీ3500కి 50 ఎఫ్ 1.8 డీ తక్కువకి దొరుకుతోంది. తీసుకోనా?

వద్దు. డీ3000, డీ5000 వరుస బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. "డీ" లెన్సు బిగుసుకుంటుంది, ఫొటో తీస్తుంది, ఫోకస్ మాత్రం మీరే చేత్తో తిప్పాలి. ఏఎఫ్-ఎస్ 50 ఎఫ్ 1.8 జీ తీసుకోండి. డీ7000 వరుస, ఆ పైవి అయితే మోటారు ఉంది, డీ లెన్సు హాయిగా నడుస్తుంది.

మిర్రర్‌లెస్‌కి మారుతున్నాను. పాత లెన్సులు అమ్మేయాలా?

కెనాన్ ఈఎఫ్ లెన్సులు ఆర్ బాడీల మీద కంపెనీ అడాప్టరుతో ఆటోఫోకస్‌తో సహా చక్కగా పనిచేస్తాయి. తొందరపడి అమ్మకండి. నికాన్ ఎఫ్‌టీజెడ్ అడాప్టరుతో ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఫోకస్ వస్తుంది, మోటారు లేని డీ లెన్సులకు రాదు.

కొత్తగా కొనేట్టయితే కెనాన్‌లో ఆర్ఎఫ్ 50 ఎఫ్ 1.8, నికాన్ జెడ్‌లో 40 ఎఫ్ 2, సోనీ ఫుల్ ఫ్రేమ్‌లో ఎఫ్ఈ 85 ఎఫ్ 1.8 ధరకు తగ్గ లెన్సులు. సోనీ క్రాప్ వాళ్లకి సిగ్మా 56 ఎఫ్ 1.4 పోర్ట్రెయిట్ కోసమే చేసినట్టుంటుంది.

చాటికోణ సంతకి వెళ్తున్నాం. 70-300 తీసుకెళ్లమంటున్నారు.

దూరం నుంచి దొంగచాటుగా తీయడానికా? ఆ సలహా నాకు నచ్చదు. బుధవారం సంతకి నియమగిరి కొండల నుంచి డోంగ్రియా కంధ్ ఆదివాసీ ఆడవాళ్లు సరుకు అమ్ముకోవడానికి దిగుతారు, ఫొటోలు దిగడానికి కాదు. 50 గానీ 85 గానీ పెట్టుకుని దగ్గరికెళ్లి, ఏదైనా కొని, మాట్లాడి, అడిగి తీయండి. వాళ్ల కువి భాష రాకపోతే అక్కడి వ్యాపారుల్లో తెలుగు, ఒడియా వచ్చినవాళ్లు సాయం చేస్తారు. వద్దంటే కెమెరా దించేయండి. గుణుపురం వైపు సవర ఊళ్లలోనూ ఇదే మాట. మళ్లీ వెళ్లేటప్పుడు ప్రింటు తీసుకెళ్లి ఇస్తే, ఆ ఊళ్లో మీకు 85 కన్నా దగ్గరి లెన్సు కావాల్సి వస్తుంది.

గోపాల్‌పూర్ బీచిలో ప్రీ వెడ్డింగ్ షూట్. ఏమైనా జాగ్రత్తలు?

మన తీరంలో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు. తెల్లవారుజామున సముద్రం వెనకపెట్టి తీస్తే అంతా ఎదురెండ. లెన్సుకి హుడ్ తప్పనిసరి, ముఖాల మీద వెలుతురుకి రిఫ్లెక్టరో ఫ్లాషో కావాలి. ఇద్దరూ నడుస్తుంటే 85, అలలూ ఆకాశమూ కావాలంటే 35.

ఉప్పు గాలికి ముందు అద్దం మీద సన్నటి జిగురు పొర పడుతుంది. అక్కడ మాత్రం యూవీ ఫిల్టరు పెట్టుకోమంటాను. సైజు లెన్సు మీదే రాసి ఉంటుంది: కెనాన్ 50 ఎస్టీఎంకి 49, నికాన్ 50 జీకి 58, సోనీ ఎఫ్ఈ 85కి 67. ఇసుక ఉన్నప్పుడు గుడ్డతో తుడవద్దు, ముందు బ్లోయరుతో ఊదండి. ఇంటికొచ్చాక కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో బాడీనీ లెన్సు పైభాగాన్నీ తుడిచి ఆరబెట్టండి.

లెన్సులో బూజు పడుతోంది. ఏం చేయాలి?

వానాకాలం నాలుగు నెలలూ ఇది తీరం వాళ్లకీ కొండ వాళ్లకీ ఉమ్మడి బాధ. తోలు సంచిలో, బీరువాలో బట్టల మధ్య లెన్సు దాచవద్దు. డబ్బు ఉంటే ఎలక్ట్రిక్ డ్రై క్యాబినెట్, లేకపోతే గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. సిలికా జెల్ రంగు మారితే వేడి చేసి మళ్లీ వాడండి. వారానికోసారి లెన్సు బయటికి తీసి వాడడం కూడా మందే. లోపలికి పాకిన బూజుని ఇంట్లో విప్పి తుడిచే సాహసం చేయవద్దు.

సెకండ్ హ్యాండ్ లెన్సు చూసేటప్పుడు ఏం చూడాలి?

ఫోన్ టార్చి వెనక నుంచి వేసి ముందు నుంచి లోపలికి చూడండి. సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తే ఎంత తక్కువకిచ్చినా తిరిగొచ్చేయండి. అపెర్చర్ రేకుల మీద నూనె మరకలు ఉండకూడదు. మీ సొంత బాడీ తీసుకెళ్లండి, ఎఫ్ 1.8లో పెట్టి రెండు మీటర్ల దూరంలో మనిషి కంటి మీద పది ఫొటోలు తీసి, కెమెరా స్క్రీన్ మీద కాదు, లాప్‌టాప్‌లో పెద్దవి చేసి చూడండి. డీఎస్‌ఎల్‌ఆర్‌తో ఫోకస్ ప్రతిసారీ చెవి మీదో ముక్కు మీదో పడుతుంటే ఆ లెన్సూ మీ బాడీ పొసగలేదన్నమాట. అమ్మేవాడు "సర్వీసులో సరిచేస్తారు" అంటే, సరిచేయించి తెమ్మనండి, అప్పుడు కొందాం.

తాతగారి స్టూడియోలో పాత ఫిల్మ్ లెన్సులు ఉన్నాయి. పనికొస్తాయా?

మిర్రర్‌లెస్ ఉంటే అడాప్టరుతో దాదాపు అన్నీ వస్తాయి, ఫోకస్ చేత్తోనే. పాత నికాన్ 50లు నికాన్ డీ3500 మీద నేరుగా బిగుస్తాయి కానీ వెలుతురు లెక్క కెమెరా చెప్పదు, మీరే అంచనా వేసుకోవాలి. రష్యన్ హీలియోస్ 58 ఎఫ్ 2 దొరికితే పారేయకండి. వెనక ఆకులుంటే అవి సుడి తిరిగినట్టు కనిపిస్తాయి, కొందరికి అదే ఇష్టం. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ మీద మామూలు అడాప్టరుతో దానికి దూరపు ఫోకస్ అందదు. దగ్గరి ముఖాలకైతే ఇబ్బంది లేదు.

ఫోన్‌లో పోర్ట్రెయిట్ మోడ్ ఉండగా ఇవన్నీ ఎందుకు?

స్టేటస్‌కి పెట్టుకోవడానికైతే అక్కర్లేదు. ఫోన్ బ్లర్ లెక్కకట్టి వేసేది. చెదిరిన జుట్టు, జడలో మల్లెలు, పల్చటి పమిట అంచు, కళ్లజోడు ఫ్రేము దగ్గర అది తడబడుతుంది. గోడకి వేలాడదీసే సైజులో ప్రింటు వేయించినప్పుడు ఆ అంచులన్నీ బయటపడతాయి. ఫోన్‌తోనే తీయాలంటే 2ఎక్స్ లేదా 3ఎక్స్ కెమెరా వాడి, ఒకటిన్నర మీటరు వెనక్కి నిలబడండి.

ఇంటిల్లిపాదీ గ్రూప్ ఫొటోకి వైడ్ లెన్సు వాడవచ్చా?

చోటు లేకపోతే తప్పదు. కానీ 18 ఎంఎంలో రెండు చివర్లా నిలబడ్డవాళ్లు పక్కకి సాగిపోతారు. పెద్దమ్మనీ మేనత్తనీ అక్కడ నిలబెడితే ఆ ఫొటో మీకు ఏళ్లపాటు గుర్తుచేస్తారు. సన్నగా ఉన్న కుర్రాళ్లని చివరికి పంపండి, ఫ్రేములో అటూ ఇటూ ఖాళీ వదలండి, కుదిరితే 28 లేదా 35 దాకా జూమ్ చేసి మీరే వెనక్కి జరగండి.

ఎక్కడ కొనడం మంచిది? బరంపురమా, వైజాగా, భువనేశ్వరా, ఆన్‌లైనా?

చేత్తో పట్టుకుని చూడాలంటే గంజాం వాళ్లకి వైజాగ్, భువనేశ్వర్ రెండూ రైలు దూరమే. రాయగడ, పర్లాకిమిడి వాళ్లకి వైజాగే దగ్గర. ఎక్కడైనా జీఎస్టీ బిల్లు, కంపెనీ ఇండియా వారంటీ కార్డు అడగండి. "బిల్లు లేకుండా అయితే తగ్గిస్తా" అన్న లెన్సుకి రేపు సర్వీసు సెంటర్‌లో ఎవరూ దిక్కుండరు. ఆన్‌లైన్‌లో తెప్పిస్తే పెట్టె విప్పడం మొదటి నుంచి ఆగకుండా వీడియో తీయండి, బిల్లు మీది సీరియల్ నంబరూ లెన్సు మీదిదీ అందులోనే కనిపించాలి. తిరిగి పంపే గడువు ముగిసేలోపు ఎదురెండలో, రాత్రి లైట్లలో, మనిషి ముఖం మీద, మూడు చోట్లా తీసి చూసుకోండి.